వచనసామ్యము - గౌరవబహువచనము

నామము ఏకవచనమైనచో దానికి బదులుగా వచ్చు సర్వనామమును ఏకవచనమే కావలెననుట ఆంగ్లవ్యాకరణమున ప్రథమపాఠము. విజయనగరమున 1857లో పాఠశాలగా వెలసి 1879లో కళాశాలయైన మహారాజావారి విద్యాలయము వంటి చోట్ల ఆంగ్లము నభ్యసించిన తెలుఁగు విద్యార్థికి ఈ నియమము సులభము గాదు. “మా గురువుగారు వచ్చిరి, వారు పాఠము చెప్పిరి” యనుట వానికి బాల్యమునుండి యబ్బిన మర్యాద. ఆ మర్యాదతో గురువును “దె” యని వ్రాసినచో ఆంగ్లమున దోషమే. కాని యది యజ్ఞానము గాదు, మాతృభాషాధర్మము.

ఆంగ్లమును ఈ త్రోవను నడిచినదే. పూర్వము ఒక్కని “దౌ” యనియు, పలువురను “యూ” యనియు వ్యవహరించెడివారు. మర్యాదకై యొక్కనియెడను బహువచనమునే వాడుటచే “దౌ” క్రమముగా సామాన్యవ్యవహారమునుండి తొలఁగెను. పురుషుఁడో స్త్రీయో తెలియని వ్యక్తికి “దె” యనుట 14వ శతాబ్దినుండియు కానవచ్చును. 1795లో లిండ్లీ మర్రే తన వ్యాకరణమున దీనిని దోషముగా నెంచి పుంలింగైకవచనమును విధించెను. 1850లో బ్రిటిషు పార్లమెంటు శాసనములందలి పుంలింగపదములు స్త్రీలకును వర్తించునని నిర్ణయించెను. నేఁడా “దె” శిష్టరచనలందు మరల సమ్మతి పొందుచున్నది.

తెలుఁగున విశేషము వేఱు. 1858లో ముద్రితమైన బాలవ్యాకరణమున చిన్నయసూరి విశదపఱచినట్లు, స్త్రీవాచకము ఏకవచనమున అమహత్తులతోను, బహువచనమున మహత్తులతోను చేరును. “తల్లి వచ్చెను” అన్నప్పుడును “ఆవు వచ్చెను” అన్నప్పుడును క్రియ యొకటే. “ఆవులు వచ్చెను” అన్నను క్రియ మాఱదు. “తల్లులు వచ్చిరి” అన్నచో మాఱును. కావున “తల్లిగారు వచ్చిరి” యనునప్పుడు బహువచనము గౌరవమును దెలుపుటయే గాక యామెను పురుషులతోడి వర్గమున నిలుపుచున్నది.

సాలూరు, పార్వతీపురముల మన్యమున వినవచ్చు కువిభాష యందు ఇట్లు లేదు. అచ్చట కేవలస్త్రీవాచకములు బహువచనమునందును అమహత్తులతోనే చేరును. పొరుగున నుండి, ఒకే ద్రావిడకుటుంబమునకుఁ జెందిన భాషలకే యింత భేదమున్నప్పుడు ఆంగ్లనియమమును సర్వభాషలకు కొలబద్దగా నుంచుట తగదు.

శ్రీకాకుళసమీపమున పర్వతాలపేటలో 1863లో జన్మించి, విజయనగరమునఁ జదివిన గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు 1931లో సవరభాషావ్యాకరణమును ప్రకటించిరి. లిపిలేని భాషకును నియమము గలదని వారి కృషి చూపెను. ఉపాధ్యాయులు విద్యార్థి వ్రాసిన “దె” ను దిద్దవలసినదే. కాని దిద్దుటకు ముందు, ఆ బహువచనము వెనుక నున్న తెలుఁగునియమమును వానికిఁ దెలుపుట న్యాయము.