హృద్రోగము, మనోవ్యాకులత, ధ్యానము

మనోవ్యాకులత హృదయధమనుల వ్యాధికి కారణమగునా, అగుచో ధ్యానాది సాధనలచే మనస్సును శమింపజేసి ఆ వ్యాధిని నివారింపవచ్చునా అను రెండు ప్రశ్నలు వైద్యశాస్త్రమున చిరకాలముగా విచారింపబడుచున్నవి. వీనిలో మొదటిదానికి అవునను సమాధానము నేడు చాలవఱకు స్థిరపడినది. రెండవది యింకను తీరలేదు. మొదటిదానికి దొరకిన ఋజువును రెండవదానికి గూడ ఋజువుగా చెల్లించుట యీ విషయమున తఱచుగా జరుగుచున్న పొరపాటు.

రక్తప్రసరణమును నిరూపించిన విలియం హార్వే 1628లో ప్రకటించిన గ్రంథమునందే, సుఖదుఃఖములును ఆశాభయములును హృదయమును కలతపెట్టునని వ్రాసెను. శతాబ్దిన్నర పిమ్మట లండను నగరపు శస్త్రవైద్యులలో అగ్రగణ్యుడగు జాన్ హంటర్ దీనికి తన దేహమునే నిదర్శనముగా నొసగెను. బహుకాలము గుండెనొప్పితో బాధపడిన యీతడు స్వభావముచే కోపిష్ఠి. తనకు కోపము తెప్పింపదలచిన యే తుంటరి చేతిలోనైనను తన ప్రాణమున్నదని చెప్పుచుండెడివాడట. 1793 అక్టోబరు 16వ తేదీన సెయింట్ జార్జి వైద్యశాల పాలకవర్గ సమావేశమున మాటామాటా పెరుగగా, ఆయన కోపమును దిగమ్రింగుకొని ప్రక్కగదిలోనికి పోయి, అచటనే కూలి మరణించెను. శవపరీక్షయందు హృదయధమనులు గట్టిపడి యుండుట కనబడినది. కోపము వ్యాధిని పుట్టించినదా, లేక ఏండ్ల తరబడి ముదిరిన వ్యాధికి ఆనాటి కోపము తుదిదెబ్బ మాత్రమే యైనదా యని యడిగినచో హంటర్ కథ బదులు చెప్పజాలదు.

భయక్రోధములు దేహమున నడచు మార్గమును ప్రయోగశాలలో గుర్తించినవాడు హార్వర్డు విశ్వవిద్యాలయపు వాల్టర్ కానన్. ప్రమాదమెదురైనపుడు సహానుభూత నాడులు ఉత్తేజితములై, అడ్రినల్ గ్రంథులు స్రవించి, గుండెవేగము హెచ్చి, రక్తము జీర్ణాశయమునుండి కండరములకు మరలి, దేహము పోరాటమునకో పలాయనమునకో సన్నద్ధమగునని 1915లో వెలువడిన గ్రంథమున ఆయన వివరించెను. చలి, గాయము, విషము అను కారణములు వేఱైనను దేహము ప్రతిస్పందించు తీరు ఒక్కటియేనని 1936లో మాంట్రియల్ నగరమున హాన్స్ సెల్యే ఎలుకలయందు కనుగొనెను. నాగరిక జీవనమున పై యధికారి గద్దింపునకు పోరాటమును లేదు, పలాయనమును లేదు. గ్రంథులు మాత్రము స్రవింపక మానవు.

భారతదేశము ఈ చరిత్రలో ప్రవేశించిన తీరు విచిత్రమైనది. 1935లో తెరేజ్ బ్రోస్ అను ఫ్రెంచి హృద్రోగ వైద్యురాలు విద్యుల్లేఖన యంత్రమును వెంట తెచ్చుకొని, ఇచ్చటి యోగులను పరీక్షించి, స్వేచ్ఛాపూర్వకముగా గుండెను దాదాపు నిలుపగలవారున్నారని ప్రకటించుటతో, యోగులు గుండెను ఆపుదురను మాట శాస్త్రగ్రంథములలోనికి గూడ ఎక్కినది. తరువాత అమెరికానుండి వచ్చిన వెంగర్, బాగ్చీ అనువారు ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన బి. కె. ఆనంద్‌తో కలసి ఆ సామర్థ్యము గలవారమనిన యోగులను పరీక్షించి, 1961లో తమ నిర్ణయమును వెల్లడించిరి. ఊపిరి బిగబట్టి, ఉదరవక్షఃకండరములను బిగించినపుడు సిరలనుండి గుండెకు చేరు రక్తము తగ్గిపోవుటచే, మణికట్టున నాడి యందదు, గుండెచప్పుడు వినబడదు. కాని యంత్రపు కాగితముపై గుండె కొట్టుకొనుచునే యుండెను. ఈ ఫలితము యోగాభిమానులలో కొందఱకు రుచింపకపోవచ్చును గాని, యోగసాధనను గారడీనుండి విడదీసి వైద్యపరిశోధనకు అర్హమైన విషయముగా నిలిపినవి యిట్టి కఠినపరీక్షలే.

ఇదే కాలమున శాన్‌ఫ్రాన్సిస్కోలో మేయర్ ఫ్రీడ్మన్, రే రోజెన్మన్ అను హృద్రోగవైద్యులు, ఎల్లప్పుడును తొందరపడుచు, పోటీపడుచు, చిన్న కారణమునకే మండిపడు స్వభావమునకు ‘ఎ’ రకమని పేరిడి, 1959లో దానికిని గుండెపోటునకును సంబంధము కలదనిరి. అనంతరము 3,154 మంది పురుషులను ఎనిమిదిన్నర యేండ్లు గమనింపగా, అట్టి స్వభావము గలవారిలో వ్యాధి సుమారు రెండింతలుగా తేలినది. సిద్ధాంతము లోకమంతట మ్రోగినది. కాని యదే సమూహమును ఇరువదిరెండేండ్లవఱకు గమనించి 1988లో లెక్క చూచినవారికి, హృద్రోగ మరణములతో ఆ స్వభావమునకు సంబంధము కానరాలేదు. పొగాకు కంపెనీలు ఈ పరిశోధనలకు ధనమిచ్చి, గుండెపోటులకు సిగరెట్టు గాక స్వభావమే కారణమను వాదమునకు వానిని వాడుకొన్నట్లు తరువాత బయటపడిన వారి పత్రములు తెల్పినవి. ఇంతమాత్రమున సిద్ధాంతమంతయు కొట్టివేయదగినది కాదు: పరులయెడ నిరంతర వైరభావము హానికరమను అంశము పరీక్షలకు కొంతవఱకు నిలిచినది, గుండెపోటు వచ్చిన వేయిమందికి పైగా రోగులలో కొందఱకు ఈ స్వభావమును మార్చుకొను శిక్షణ నొసగగా, నాలుగున్నర యేండ్లలో మరల పోటు వచ్చినవారు నూటికి 13 మంది, శిక్షణ లేనివారిలో 21 మంది యని 1986లో ఫ్రీడ్మన్ ప్రకటించెను.

ధ్యానమును చికిత్సగా పరీక్షించుట డెబ్బదుల దశకమున ఊపందుకొన్నది. హార్వర్డులో హెర్బర్ట్ బెన్సన్, ధ్యానకాలమున ప్రాణవాయువు వినియోగము తగ్గుటను గమనించి, దానిని కానన్ వర్ణించిన స్థితికి ప్రతిస్థితిగా 1975లో ప్రతిపాదించెను. ఇంగ్లండులో చంద్రా పటేల్ అను వైద్యురాలు శవాసనమును, దేహస్థితిని యంత్రముద్వారా రోగికి తెలుపు పద్ధతిని జోడించి రక్తపుపోటును తగ్గింపగలిగి, 1973లోను 1975లోను లాన్సెట్ పత్రికలో వ్రాసెను. ఆమె రోగుల సంఖ్య స్వల్పమైనను రెండవసారి పోలికకొఱకు వేఱొక సమూహమును గూడ నుంచుకొనుట గమనింపదగినది. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలయందు జాన్ కబట్-జిన్ బౌద్ధుల స్మృతిసాధనను మతప్రసంగము లేకుండ ఎనిమిది వారముల శిక్షణగా కూర్చెను; శ్వాసను గమనించుట, అంగాంగములందు మనస్సును నిలుపుట, ఇంటివద్ద ప్రతిదినము ముప్పాతిక గంట అభ్యాసము అందలి ముఖ్యాంశములు. సత్యనారాయణ గోయంకా 1969 నుండి భారతదేశమున నేర్పిన విపశ్యన యిట్టి మూలమునకే చెందిన వేఱొక శాఖ; హైదరాబాదు శివారునందలి ధమ్మఖేత్త ఆ సంప్రదాయపు కేంద్రము.

ఈ పరీక్షలు మొదలైన నాటికి మనస్సునకు ధమనికి నడుమ దారి సరిగా తెలియకుండెను. కొవ్వు నీటిగొట్టమున తుప్పువలె పేరుకొనుటయే ధమనీకాఠిన్యమని చాలకాలము భావింపబడెను. అందు తాపప్రక్రియ, అనగా గాయమునకు, సూక్ష్మజీవులకు దేహము చూపు ఎఱుపు, వేడి, వాపు, నొప్పి గల ప్రతిక్రియ, కలదని పందొమ్మిదవ శతాబ్దిలోనే జర్మను వైద్యుడు విర్కోవ్ సూచించెను. రసెల్ రాస్ 1999లో వ్రాసిన వ్యాసముతో ఆ మతము ప్రధానమైనది. తాపమును సూచించు సి-రియాక్టివ్ ప్రొటీను రక్తమున హెచ్చుగా నున్నవారికి గుండెపోటు భయమును హెచ్చని పాల్ రిడ్కర్ బృందము 1997లో చూపెను. కొవ్వును ముట్టక తాపమును మాత్రమే తగ్గించు కెనకినుమాబ్ అను ఔషధమును పదివేలమందిపై పరీక్షింపగా, మధ్యమ మోతాదున హృద్రోగ సంఘటనలు నూటికి పదునైదు వంతులు తగ్గినవని 2017లో తేలుటతో సందేహము తీరినది.

అదే సంవత్సరము తవాకోల్ మున్నగు పరిశోధకులు 293 మంది దేహములను యంత్రముతో చిత్రీకరించి, భయమునకు స్థానమైన అమిగ్డలా యను మెదడుభాగము చురుకుగా నున్నవారిలో ఎముకల మూలుగ చురుకుదనమును, ధమనులలోని తాపమును అధికముగా నుండెననియు, తరువాత హృద్రోగము వారికే హెచ్చుగా వచ్చెననియు లాన్సెట్‌లో వ్రాసిరి. భయము నాడులద్వారా మూలుగకు చేరి, అచట తెల్లరక్తకణముల ఉత్పత్తిని హెచ్చించి, ఆ కణములు ధమనులలో కొవ్వు పేరుకొనిన ఫలకములలో చొచ్చుకొని వానిని పగులునట్లు చేయునను క్రమము ఎలుకలలో అంతకుముందే చూపబడినది. తీవ్రచికిత్సా విభాగమున రాత్రింబవళ్లు శ్రమించు యువవైద్యుల రక్తమునందును తెల్లకణములు పెరుగుట ఎలుకలపై పరిశోధించినవారే కనుగొనిరి. ఐనను తవాకోల్ చూచినవారిలో వ్యాధికి గుఱియైనవారు 22 మందియే. ఏబదిరెండు దేశములలో జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధన (2004) యెడల గూడ ఒక జాగ్రత్త యవసరము: నిరంతర వ్యాకులతకు లోనైనవారికి గుండెపోటు రెండింతలని అది చెప్పినను, ఆ ప్రశ్న పోటు వచ్చిన పిదప అడుగబడినది; మంచము పట్టినవానికి తన గతమంతయు కష్టమయముగానే తోచుట సహజము.

ఇక ధ్యానము ఈ గొలుసును త్రెంచునా? డీన్ ఆర్నిష్ 1990లో 48 మంది రోగులతో జరిపిన పరీక్షలో ధమనుల ఇఱుకు స్వల్పముగా తగ్గినది గాని, అచట ధ్యానముతోపాటు కొవ్వు మిక్కిలి తక్కువగల శాకాహారము, వ్యాయామము, పొగ మానుట గూడ నుండెను. భావాతీతధ్యానము నభ్యసించిన ఆఫ్రికన్ అమెరికనులపై జరిగిన పరీక్షలో మరణము, గుండెపోటు, పక్షవాతము కలిపి సుమారు సగమునకు తగ్గినవని 2012లో వెలువడినది. ఐతే 201 మందిలో సంఘటనలు ధ్యానమున 20, ఇతరులలో 32 మాత్రమే. తాపసూచకముల విషయమున ఫలితములు ఏకముఖముగా లేవు. రోజెన్‌క్రాంజ్ బృందము 2013లో ధ్యానమునకు దీటుగా ఆరోగ్యశిక్షణ నొసగి పోల్చినపుడు, ఒత్తిడి కలిగించిన పిదప చర్మమున మిరపసారముచే రేగిన తాపము ధ్యానము చేసినవారిలో తక్కువగా నుండెను, ఒత్తిడివేళ స్రవించు కార్టిసోల్ మాత్రము ఇరు సమూహములలో ఒకటే. ఈ పరిశోధనలనెల్ల పరిశీలించి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో, ఇతర చికిత్సలకు తోడుగా ధ్యానమును తలంపవచ్చునని మాత్రమే పలికినది.

ఈ వరుసలో పెద్ద పరీక్ష భారతదేశముననే జరిగినది. గుండెపోటు తరువాతి పునరావాస శిక్షణ మన వైద్యశాలలలో అరుదగుటచే, దానికి బదులు స్వల్పవ్యయమున ఆసనములు, ప్రాణాయామము, ధ్యానము బోధింపవచ్చునేమో చూచుటకై ‘యోగా-కేర్’ పేర 24 కేంద్రములలో 3,959 మంది రోగులు రెండు భాగములుగా విభజింపబడిరి. 2020లో వెలువడిన ఫలితముల ప్రకారము మరణము, మరల పోటు, పక్షవాతము మొదలగు తీవ్రసంఘటనలు యోగమున 131, సాధారణ చికిత్సయందు 146. ఈ భేదము యాదృచ్ఛికముగా గూడ కలుగవచ్చును. యోగము నేర్చినవారు తమ ఆరోగ్యము మెఱుగని చెప్పిరి, పనులకు త్వరగా మరలిరి. శిక్షణకు చాలవఱకు హాజరైనవారిలో మాత్రము సంఘటనలు చాల తక్కువ. కాని వారము వారము తప్పక వచ్చినవాడు మందులనుగూడ తప్పక మ్రింగువాడును, రోగభారము తక్కువగా నున్నవాడును గూడ కావచ్చును గనుక, ఆ అంకెను యోగఫలముగా పరిశోధకులు లెక్కింపలేకపోయిరి.