కవరు మీద పెన్సిల్ రాత

"అన్నా, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాంక నీ పేరు మీద 40 రోజులే పడ్డయి. 78 ఉండాలె. పైసలు రావు."

ఈఎస్‌ఐ బ్రాంచి కిటికీలోంచి కాగితాలు వెనక్కి వచ్చాయి. 2023 మార్చి. హైదరాబాద్ పత్తర్‌గట్టీలోని బట్టల దుకాణంలో పొద్దంతా తాన్లు విప్పి చూపించే ఆ లాల్‌దర్వాజా మనిషి, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. ఫిబ్రవరిలో టీబీ బయటపడింది. మందులు సర్కారు ఉచితంగానే ఇస్తోంది. ఇల్లు గడవడానికి ఈఎస్‌ఐ ఇచ్చే జబ్బు భృతి, సిక్‌నెస్ బెనిఫిటే దిక్కు.

ఇది ఏ ఒక్కరి కథో కాదు. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు జరిగేదాన్ని ఒక మనిషి చుట్టూ పోగుచేసి చెబుతున్నాను. అప్పటి చట్టం మాత్రం ఉన్నదున్నట్టు.

"ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాంక ఒక్క నాగా పెట్టలే. 40 రోజులేంది?" అన్నాడు ఇంటికొచ్చి. భార్య మారుమాట్లాడకుండా బియ్యం డబ్బా వెనక నుంచి జీతం కవర్లు తీసింది. ప్రతి కవరు మీదా పెన్సిల్‌తో 12000, దాని కింద 'ఈఎస్‌ఐ 90'.

"మన పైసలు కోసిండు గదా. సేఠ్ కట్టకుంటె మనదెట్ల తప్పయితది?"

అప్పుడు అమల్లో ఉన్న 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం ఆమె పక్షానే ఉంది. జీతంలో కార్మికుడి వాటా 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. కోసుకున్న 90 రూపాయలు యజమాని సొమ్ము కాదు, నమ్మి అతని చేతికి అప్పగించినట్టు లెక్క. 78 రోజులంటే చందా కట్టవలసిన రోజులే, సేఠ్ దయతలచి కట్టినవి కావు. యజమాని ఎగ్గొడితే ఈఎస్‌ఐ సంస్థే భృతి ఇచ్చి, అతని దగ్గర వసూలు చేసుకోవచ్చు. అది 68వ సెక్షన్. భారగత్ ఇంజినీరింగ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు కూడా చూడాల్సింది ఉద్యోగంలో ఉన్నాడా లేడా అన్నదే, చందా ఎప్పుడు కట్టారన్నది కాదని చెప్పింది. అది పనిలో చనిపోయిన మనిషి కేసు. అయినా వాదనకు బలం.

ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని కిటికీ దగ్గర ఎవరూ చెప్పరు. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఆదర్శ్‌నగర్ ప్రాంతీయ కార్యాలయంలో ఇచ్చిన అర్జీకి జవాబు రాలేదు. యూనియన్ నాయకుడు 75వ సెక్షన్ కింద ఉద్యోగుల బీమా కోర్టులో కేసు వేయించాడు. దానికి మూడేళ్ల గడువుండేది. కార్మికుడు రాతపూర్వకంగా అధికారమిస్తే రిజిస్టరైన యూనియన్ బాధ్యుడు తానే వాదించే వీలుండేది.

"అప్పుడప్పుడు వచ్చిపోయేవాడు, పర్మనెంట్ కాదు" అన్నాడు సేఠ్ తరఫు వకీలు. కవర్లు బల్ల మీదికి వచ్చాయి. పక్కనే దుకాణం బిల్లు పుస్తకం. రెండింటిలోనూ 9 అంకె తోక ఎడమకు వంకర తిరిగి ఉంది. బోనెక్కిన క్యాషియర్ కాసేపు చూసి, "నా రాతే సాబ్" అన్నాడు.

రోజు జీతంలో 70 శాతం లెక్కన 280 రూపాయలు, 91 రోజులకు 25,480 ఇవ్వాలని తీర్పు వచ్చింది.

అయితే టీబీ మందులు మింగాల్సింది ఆరు నెలలు. 91 రోజుల తర్వాత ఇచ్చే పొడిగింపు భృతికి రెండేళ్ల సర్వీసు కావాలి, ఆయనకున్నది 14 నెలలే. అందుకే కోర్సు సగంలో ఉండగానే ఇంకో దుకాణంలో చేరాడు. అక్కడ చందా పడుతోందో లేదో నెలనెలా కూతురు ఫోన్‌లో చూసి చెబుతోంది.