పట్నం నుండి వచ్చిన ఆటపెట్టె

"మామా, డిస్కు పెట్టుకొనే ప్లేస్టేషన్ కొనమంటావా, డిస్కు లేనిది కొనమంటావా? లేనిదైతే పదివేలు తక్కువ" అని మా మేనల్లుడు నాయుడుపేట నుండి ఫోను చేశాడు. ఒక్క ముక్కలో చెప్పదగిన జవాబే. కానీ ఆ ప్రశ్న వినగానే నాకు బర్మా నుండి మొదలుపెట్టాలనిపించింది. వాడికి అంత ఓపిక లేదు. చదువరులకు ఉంటుందన్న ఆశతో ఇక్కడ వ్రాస్తున్నాను.

1962లో బర్మాలో నె విన్ సైనికపాలన వచ్చింది. 1964 నాటికి చిన్న చిన్న దుకాణాలు సైతం జాతీయమైపోయాయి. తరతరాలుగా అక్కడ స్థిరపడిన భారతీయులు లక్షలమంది కట్టుబట్టలతో తిరిగివచ్చారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. కోరంగి రేవు పేరుమీద రంగూనులో వారిని కోరంగీలనేవారు. విశాఖపట్టణంలో నేటికీ బర్మా క్యాంపు అనే పేట ఉన్నది. తమిళనాడు చేరిన శరణార్థులకు బ్రతుకుతెరువుగా 1969లో మద్రాసు బీచ్ స్టేషను ఎదుట, రేవు పక్కనే, వరుసగా చిన్న చిన్న కొట్లు వెలిశాయి. అదే బర్మా బజారు. విదేశీ వస్తువును కంటితో చూడడమే గొప్ప అయిన ఆ రోజుల్లో సింగపూరు గడియారాలు, టేపురికార్డర్లు, సెంట్లు అక్కడ దొరికేవి. ఆ సరుకు ఏ దారిన వచ్చిందని అమ్మేవాడూ చెప్పడు, కొనేవాడూ అడగడు.

నాయుడుపేట నుండి మద్రాసు రైలులో సుమారు నూటపది కిలోమీటర్లు. హైదరాబాదు ఐదువందల కిలోమీటర్లు దాటిన దూరం. మా ఊరు అప్పటికి నెల్లూరు జిల్లాలో ఉండేది (2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లా అయింది). ఏ జిల్లా అయినా, రాజధాని ఎక్కడున్నా, మాకు పట్నం అంటే మద్రాసే. పెండ్లి పట్టుచీరలు, పెద్ద ఆసుపత్రి, వీడియో గేము, అన్నీ ఆ రైలు దిగివచ్చినవే.

ఇక ఆ పెట్టె కథ. జపానులో నింటెండో సంస్థ 1983 జులై 15న ఫామికామ్ అనే ఆటయంత్రాన్ని 14,800 యెన్లకు విడుదల చేసింది. దాని రూపకర్త మసయుకి ఉయెమురా. రెండేళ్ళకు అమెరికాకు పంపేటప్పుడు అదే యంత్రంలో ఒక తాళపు చిప్పు పెట్టారు, సంస్థ అనుమతిలేని క్యాసెట్టు పనిచేయకుండా. జపాను పెట్టెకు ఆ తాళం లేదు. తైవాను పనివారికి అంతకంటే ఏం కావాలి? యంత్రం మొత్తాన్నీ ఒక్క చిప్పులోకి కుదించి, దానిమీద నల్లని బంకచుక్క వేసి, కారుచౌకగా నకళ్ళు తీశారు. మన దేశంలో మీడియా, లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో పిల్లలు ఆడుకొన్నవన్నీ ఆ వంశంలోనివే. నకలుకు ఆధారం జపాను పెట్టె కాబట్టి మన క్యాసెట్లకు అరవై కాళ్ళు. అమెరికా క్యాసెట్టుకు డెబ్బయిరెండు. అమెరికా మేనమామ ప్రేమతో తెచ్చిన అసలు క్యాసెట్టు మన పెట్టెలో దూరక వెలవెలబోవడానికి కారణం ఇదే.

మా ఇంటికి ఆ పెట్టె 1994 వేసవిలో వచ్చింది. నాయన బర్మా బజారులో చెప్పిన ధరను సగానికి సగం బేరమాడి తెచ్చారు. వెంట వచ్చిన క్యాసెట్టు మీద "9999 ఇన్ 1" అని ఉండేది. నేనూ చెల్లెలూ ఆ జాబితాను వరుసగా పరీక్షిస్తూ పోయాము. పదో పన్నెండో దాటాక మళ్ళీ అదే మారియో, ఈసారి మూడో మెట్టు నుండి. మళ్ళీ అదే కాంట్రా, కాకపోతే ప్రాణాలు ఎక్కువ. ఒకే ఆటను వేరు వేరు చోట్ల నుండి మొదలుపెట్టి, ఒక్కొక్క మొదలుకు ఒక్కొక్క అంకె ఇచ్చారన్నమాట. వస్తువు పైనున్న అంకెను నమ్మరాదని నాకు మొదట నేర్పిన గురువు ఆ క్యాసెట్టే. నేటికీ ఏ యంత్రం అట్టపెట్టె మీద పెద్ద అంకె కనిపించినా నాకు అదే గుర్తొస్తుంది.

అయితే ఆ మోసపు క్యాసెట్టే మా వీధిలో ధనమైంది. ఇంకొక పిల్లవాడి దగ్గర సర్కస్ చార్లీ ఉన్న క్యాసెట్టు, మరొకని దగ్గర ట్యాంకుల ఆట. శనివారం ఇచ్చుకొని సోమవారం పుచ్చుకోవాలి. ఆలస్యమైతే మరుసటి వారం ఇవ్వరు. కొందరు పంపకానికి సాక్షిని కూడా పెట్టుకొనేవారు! రైల్వేస్టేషను దారిలో అరగంటకు రెండు రూపాయలు తీసుకొని ఆడనిచ్చే కొట్టు ఒకటి ఉండేది. ఆయన కూడా కొత్త క్యాసెట్టుకు బదులు మా పాతది తీసుకొని పైన కొంత అడిగేవాడు. ఒక్క క్యాసెట్టు స్వర్ణముఖి ఇవతలి ఇళ్ళన్నీ తిరిగి, మూతి ఊదబడి ఊదబడి, రంగు వెలిసి, మళ్ళీ మా ఇంటికే వచ్చిన సందర్భం ఉన్నది. కొన్నది ఒకటే, ఆడినవి ముప్పై. కొనుగోలు అంటే నాకు తెలిసిన అర్థం అది. కొన్నవాడు ఇవ్వగలగాలి, మార్చుకోగలగాలి, అమ్ముకోగలగాలి.

ఇందులో ఒక ముల్లు ఉన్నది, దాటవేయను. ఉయెమురా గారికి గాని, మారియోను సృష్టించిన మియమోతో గారికి గాని మా వీధి నుండి ఒక్క పైసా చేరలేదు. మాకు తెలియదన్నది నిజమే. తెలిసినా మేము చేయగలిగింది ఏమున్నదన్నది రెండో నిజం. 1995లో సేగా సంస్థ తన మెగాడ్రైవ్ యంత్రాన్ని మన దేశంలో అధికారికంగా అమ్మించింది. 80 శాతం దిగుమతి సుంకాన్ని తప్పించుకోవడానికి షా వాలెస్ అనే సంస్థతో ఒప్పందం చేసుకొన్నది (మద్యం వ్యాపారంలో పేరుపొందిన ఆ షా వాలెసే!). అంత చేసినా ధర 18,000 రూపాయలు. మా ఇంట్లో టీవీ అంతకు తక్కువకే వచ్చింది. అసలు వస్తువు ఆ ధరలో కూర్చున్నంతకాలం నకలును దొంగసరుకని తిట్టడం సులువు, మానడం కష్టం. సుంకమే మా తరాన్ని బర్మా బజారుకు నడిపించిందని నా అభిప్రాయం. విభేదించేవారు ఉండవచ్చు.

ఉపకరణాల మాట కూడా చెప్పాలి. పెట్టెతోపాటు వచ్చిన తుపాకీతో బాతులను కొట్టడం మా చెల్లెలికి ప్రాణం. ఆ తుపాకీ ఏమీ పేల్చదు, చూస్తుంది అంతే. మీట నొక్కగానే తెర లిప్తకాలం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని చదరం వెలుగుతుంది. గొట్టంలోని కాంతిగ్రాహకం ఆ తెలుపును సరైన క్షణంలో చూస్తే దెబ్బ తగిలినట్టు. పాత గొట్టపు టీవీలో ఆ వెలుగు తక్షణం వచ్చేది. నేటి పలుచని తెరలు బొమ్మ చూపడంలో కొంత ఆలస్యం చేస్తాయి కాబట్టి ఆ తుపాకీ వాటిముందు గుడ్డిదే. అంటే ఉపకరణం ఆయుష్షు దాని చేతిలో లేదు, టీవీ చేతిలో ఉన్నది. నా మట్టుకు నేను ఆటలకంటే ముందు రెండు వస్తువులకు డబ్బు పెడతాను. ఒకటి మంచి అడాప్టరు, రెండు మంచి చేతిమీట. చేతిమీటలోని పుల్ల కింద పొటెన్షియోమీటరు అరిగితే, ముట్టుకోకుండానే బొమ్మ పక్కకు నడుస్తుంది. అయస్కాంతంతో పనిచేసే హాల్ రకం పుల్లలకు ఆ అరుగుదల బాధ లేదు, దొరికితే అవే కొనండి.

2001 ఏప్రిల్ 1 నుండి మిగిలిన 715 రకాల వస్తువుల దిగుమతిపై పరిమాణ ఆంక్షలు తొలగాయి. బర్మా బజారు మహత్తు క్రమంగా తగ్గింది. అధికారిక దుకాణాలు వచ్చాయి. ప్లేస్టేషన్ 3 మన దేశంలో 2007 ఏప్రిల్‌లో 39,990 రూపాయలకు వచ్చింది. 2009లో హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ వారు ప్లేస్టేషన్ 2 కోసం "హనుమాన్: బాయ్ వారియర్" చేశారు. పూర్తిగా మన దేశంలోనే తయారైన తొలి కన్సోల్ ఆటగా దాన్ని చెప్పుకొన్నారు. ఆట గొప్పదని ఎవరూ అనలేదు గాని, కొనేవారి ఊళ్ళలో చేసేవారు కూడా పుట్టారన్నది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు మేనల్లుడి ప్రశ్న. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న రెండు రూపాల్లో వచ్చింది: డిస్కుతో 49,990, లేకుండా 39,990. ఆ ధరల ప్రకారం పదివేలు ఆదా అన్నది నిజమే. కానీ డిస్కు లేని పెట్టెలో ఆటను స్నేహితుడికి ఇవ్వడానికి వస్తువే లేదు, పాతది అమ్మడానికీ లేదు. 2013లో మైక్రోసాఫ్ట్ వారు ఎక్స్‌బాక్స్ వన్‌లో పాత డిస్కుల మార్పిడికి షరతులు పెట్టబోయి, కొనేవారి ఆగ్రహం చూసి అదే జూన్‌లో వెనక్కి తగ్గారు. డిస్కు లేకపోతే అలిగే అవకాశమూ ఉండదు. 2023 మార్చి 27న నింటెండో తన 3డీఎస్, వీ యు యంత్రాల అంతర్జాల అంగడిలో అమ్మకాలు మూసివేసింది. అంతకుముందు కొన్నవి దించుకోవచ్చునన్నారు, కొత్తగా కొనడం మాత్రం లేదు. కాలిఫోర్నియాలో 2025 నుండి అమలైన చట్టం ప్రకారం, ఇలా అమ్మేవారు కొనేవారికి దక్కేది వస్తువు కాదు, అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పితీరాలి. నాయుడుపేటలో "9999" అంకె వెనుక పన్నెండు ఆటలున్నట్టు, "కొను" అన్న మీట వెనుక అద్దె ఉన్నది.

ఇదంతా కుదించి "డిస్కు ఉన్నదే కొనరా" అన్నాను. వాడు పదివేల గురించి రెండు రోజులు గునిసి, చివరికి అదే కొన్నాడు. మొదటి ఆట మాత్రం కొనలేదట. గూడూరులో ఉన్న తోటివిద్యార్థి దగ్గర వారానికి అరువు తెచ్చుకొన్నాడని చెల్లెలు చెప్పింది.

అన్నట్టు, మా చెల్లెలి తుపాకీ ఇంకా అటకమీదనే ఉన్నది. నాయుడుపేట, సూళ్ళూరుపేట ప్రాంతాల మిత్రులలో ఎవరివద్దనైనా పనిచేసే పాత గొట్టపు టీవీ ఉంటే దయచేసి తెలుపగలరు. మోయడానికి నేనే వస్తాను.