ముందు జత, వెనుక జత: చిన్న ట్రాక్టరులో నాలుగు చక్రాల లాగుడు



మన కర్నూలు, కడప మెట్ట నేలల్లో సేద్యమంతా పదును మీద నడుస్తుంది. వాన వెలిసిన తరువాత ఆ పదును నిలిచేది కొద్ది దినాలే. అదను తప్పితే విత్తనం గాదెలోనే ఉండిపోతుంది. సరిగ్గా అటువంటి దినాన ట్రాక్టరు ముందు ఇరుసు దెబ్బతిని చెట్టు కింద నిలబడితే, పోయేది మరమ్మత్తు ఖర్చు మాత్రమే కాదు, ఆ ఏటి పంట. అందుచేత నాలుగు చక్రాలూ లాగే చిన్న ట్రాక్టరును పాతది కొనదలచినవారు దాని కథ మొదటినుంచి తెలుసుకోవడం మంచిది. కథ తెలిస్తే జబ్బు ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది.

ట్రాక్టర్లు రాకముందు, గరిక వేళ్లు లోతుగా దిగిన నల్లరేగడి బీడును ఒక్క జత ఎద్దులతో దున్నడం అయ్యే పని కాదు. పెద్ద మడకకు ఒక జత ముందు ఇంకొక జతగా ఎన్నో ఎద్దులను కట్టేవారు. అందులో ఒక మర్మమున్నది. ముందు జత అడుగు కొంచెం ముందుండాలి, మోకు బిగువుగా ఉండాలి. ముందు జత వెనుకబడితే మోకు వదులై, బరువంతా వెనుక జత మెడ మీద పడుతుంది. ముందు జత మరీ ఉరికితే రెండు జతలూ ఊరకే అలసిపోతాయి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీనితో పని పడుతుంది.

1940లలో తిండిగింజల కొరత వచ్చినప్పుడు మద్రాసు ప్రభుత్వ వ్యవసాయ శాఖ ట్రాక్టర్లను రైతులకు బాడుగకు ఇవ్వసాగింది. 1959లో ఫరీదాబాదులో ఐషర్ వారి ట్రాక్టరు మన దేశంలోనే తయారై బయటికి వచ్చింది. 1960లో మద్రాసులో టాఫే సంస్థ ఏర్పడింది. 1963లో మహీంద్రా వారు ఇంటర్నేషనల్ హార్వెస్టరుతో కలిసి ఈ రంగంలో దిగినారు. మన పల్లెలకు వచ్చిన ఆనాటి ట్రాక్టర్లలో లాగేవి వెనుక చక్రాలే. ముందు చక్రాలు దారి తిప్పడానికి మాత్రమే.

నాలుగు చక్రాల లాగుడు మాత్రం అంతకు ముందే పుట్టింది. కెనడాలోని మాసీ-హారిస్ కంపెనీ 1930లోనే నాలుగూ సమానమైన చక్రాలు, నాలుగూ లాగేవి, గల ట్రాక్టరును అమ్మకానికి పెట్టింది. 1952లో ఇటలీలోని సామె కంపెనీ నాలుగు చక్రాలూ లాగే డీజిలు ట్రాక్టరు చేసింది. జపానులో కమతాలు చిన్నవి, మళ్లు బురదవి. అక్కడ కుబోటా కంపెనీ 1960లో టి15 అనే చక్రాల ట్రాక్టరును తయారు చేసింది. తరువాతి కాలంలో చిన్న ట్రాక్టరుకు ముందు ఇరుసు నుంచి కూడా లాగుడు ఇవ్వడం ఆ దేశంలో బాగా వ్యాపించింది.

మన వైపు ఆ మార్గం మెల్లగా వచ్చింది. బెంగుళూరులో 1967లో ఏర్పడిన వి.యస్.టి. సంస్థ, జపాను మిత్సుబిషి సహకారంతో, పవర్ టిల్లర్లతో పాటు చిన్న ట్రాక్టర్లను అందించింది. 2008లో కుబోటా వారు మన దేశంలో కంపెనీ పెట్టినారు. 2017లో మహీంద్రా జీవో వచ్చింది. 2023లో తెలంగాణలోని జహీరాబాదులో తయారయ్యే ఓజా వచ్చింది.

వరి మడిలో పుట్టిన బండితో మెట్ట సీమకు ఏమి పని అంటారా? 2003లో ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ సేద్య పథకం మొదలైన తరువాత బిందు సేద్యం విస్తరించింది. పులివెందుల అరటి, చీనీ తోటల్లో, రైల్వే కోడూరు మామిడి, బొప్పాయి తోటల్లో సాళ్ల మధ్య పెద్ద ట్రాక్టరు దూరదు. దూరేది చిన్నదే. కాని చిన్నదానికి బరువు తక్కువ. బరువు తక్కువైతే నేల మీద పట్టు తక్కువ, వెనుక చక్రాలు జారుతాయి. అందుకే ముందు చక్రాలను కూడా లాగుడులోకి దింపినారు.

ఇక ఎద్దుల జతల మాటకు వద్దాం. ఈ ట్రాక్టరు ముందు చక్రాలు చిన్నవి, వెనుకవి పెద్దవి. రెండూ ఒకే వేగంతో నేలను పట్టాలంటే చిన్నవి ఎక్కువ చుట్లు తిరగాలి. ఆ లెక్కను గేర్లలోనే అమర్చి, ముందు చక్రం నడక సాధారణంగా నూటికి ఒకటి నుంచి అయిదు వంతుల దాకా ఎక్కువ ఉండేలా చేస్తారు. మెత్తని దుక్కిలో ఆ కొంచెం తేడా చక్రం జారి సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద చక్రం జారదు. ఆ బిగువంతా గేర్ల మీద, షాఫ్టు మీద, టైర్ల మీద పడుతుంది. మలుపులో ముందు చక్రాలు నడిచే దారి ఎక్కువ గనుక బిగువు ఇంకా పెరుగుతుంది. నాలుగు చక్రాల లీవరు వేసి ఉంచి ట్రాలీతో రోడ్డెంట మార్కెట్టుకు తిరిగిన బండికి లోపల గేర్లు అరిగి ఉంటాయి. గంటల మీటరు ఈ సంగతి చెప్పదు, టైర్లు చెబుతాయి.

కాబట్టి పాతది కొనేటప్పుడు ఈ పరీక్షలు చేయండి.

ఒకటి, టైర్లు చూడండి. వెనుక టైర్ల పళ్లు బాగుండి ముందువి నున్నగా అరిగి ఉంటే అనుమానించండి. నాలుగింటి కొలతలూ కంపెనీ పుస్తకంతో సరిచూడండి. కొలత మారిన టైరు వేస్తే ముందు జత, వెనుక జత నడక తప్పినట్లే.

రెండు, ఇంజను ఆపి, గేరులో ఉంచి, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు ఇరుసును జాకీతో లేపి గట్టి దిమ్మెల మీద నిలపండి. లీవరు వేసి ఒక ముందు చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండవది ఎదురు దిక్కుకు తిరగాలి. రెండూ ఒకే దిక్కుకు సులువుగా తిరిగితే లాగుడు ఇరుసుకు చేరడం లేదన్నమాట. గరగర శబ్దం వచ్చినా, ఊగిసలాట ఎక్కువగా ఉన్నా మెకానిక్కును పిలవండి.

మూడు, ముందు ఇరుసు నూనెను కొంచెం దింపి చూడండి. పాలలాగా తెల్లబడితే నీళ్లు చేరినట్లు. ఇనుప పొడి మెరిస్తే పళ్లు అరుగుతున్నట్లు.

నాలుగు, చక్రం దగ్గర నూనె కారుతున్నదేమో చూడండి. తోటల్లో తిరిగే బండికి డ్రిప్పు పైపు ముక్కలు, అరటి నారలు చుట్టుకొని సీలును కోసేస్తాయి. కడిగి తుడిచిన బండిని కాక, పని నుంచి వచ్చిన బండిని చూడడం మేలు.

అయిదు, బేరానికి ముందే ఆ మోడలుకు సీళ్లు, బేరింగులు, గేర్లు దగ్గరి పట్నంలో దొరుకుతాయా అని విచారించండి. చవకగా కొన్న బండికి సామాను కోసం ఎదురుచూస్తూ పదును పోగొట్టుకుంటే, అది చవక కాదు.

కొన్న తరువాత పాటించవలసినవి కష్టమైనవి కావు. చక్రం జారే చోటనే లీవరు వేయండి, రోడ్డెక్కగానే తీసివేయండి. అయితే నిటారైన మట్టి దిగుడులో లీవరు వేసి ఉంచితే ముందు చక్రాలు కూడా పట్టి బండిని అదుపులో ఉంచుతాయి. ఇరుసు నడిమి బుష్షుకు గ్రీజు తప్పక పెట్టండి. పుస్తకంలో చెప్పిన నూనెను చెప్పిన గంటలకు మార్చండి. టైర్ల గాలి సరిచూడండి. పని ముగిసిన ప్రతిసారీ ఇరుసుకు చుట్టుకున్న నారను తీసివేయండి.

ఇంకొక మాట. తోటలు లేక, వేరుశనగ, శనగ మాత్రమే పండించే రైతుకు ఈ బండి అవసరమేనా అని కూడా ఆలోచించండి. ఏటా కొద్ది దినాల పనికైతే బాడుగ ట్రాక్టరే నయం కావచ్చు. ట్రాక్టరు నడపడం, మరమ్మత్తు పద్ధతిగా నేర్చుకోవాలంటే మన పొరుగునే, అనంతపురం దగ్గర గార్లదిన్నెలో, 1983లో నెలకొల్పిన కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. విస్తరణ ఉద్యోగులు తమ గ్రామాల యువకులను అక్కడికి పంపిస్తే మేలు.

మన పెద్దలు ఎద్దులను కొనేటప్పుడు పళ్లు చూసేవారు, గిట్టలు చూసేవారు, నడిపించి చూసేవారు. ట్రాక్టరుకైనా ఆ పరీక్ష తప్పదు. వాన రాకముందే ముందు ఇరుసు చూసుకోండి. వాన వచ్చిన దినాన చూడవలసింది చేను.