నంద్యాల ఓటు, ఆడవాళ్ల పాట

1991 నవంబరు ఉప ఎన్నికలో అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల ప్రధానమంత్రికి ఓటేసింది. జూన్ 21న ప్రమాణం చేసేనాటికి పి.వి.నరసింహారావు ఏ సభలోనూ సభ్యుడు కారు. ఆరు నెలల్లో గెలిచి రావాలి. ఆళ్లగడ్డ నాయకుడు గంగుల ప్రతాపరెడ్డి నంద్యాల ఎంపీ పదవి వదులుకున్నారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ తన తెలుగుదేశం పార్టీ అభ్యర్థిని నిలపలేదు. మెజారిటీ దాదాపు 5.8 లక్షలు. అప్పట్లో కోయిలకుంట్ల ఆ లోక్‌సభ స్థానంలో ఒక అసెంబ్లీ నియోజకవర్గం.

రూపాయి విలువ తగ్గించడం, మన్మోహన్ సింగ్ తొలి బడ్జెట్ జూలైలోనే అయిపోయాయి. ఆ దశాబ్దాన్ని అందరూ వాటితోనే కొలుస్తారు. నేను పాటలతో కొలుస్తాను. ఈ రాయలసీమకు అది కొత్త కాదు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో బ్రిటిషువారు ఉరితీసిన తిరుగుబాటు వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని జనం కథల్లో, పాటల్లోనే బతికించుకున్నారు.

1992లో ‘రోజా’ సినిమా వచ్చింది. రెహమాన్ బాణీలకు రాజశ్రీ తెలుగు మాటలు కూర్చారు. బస్సుల్లో, టీ కొట్లలో టేపురికార్డర్లు ఆ కొత్త శబ్దంతో మోగాయి. తర్వాత కేబుల్ వైర్లు, 1995లో ఈటీవీ. కొత్త సరుకు, కొత్త పాట ఒకే దారిన ఊళ్లోకొచ్చాయి.

అదే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. రాత్రిబడి పాఠంలో చదివిన, సారా కొట్టు మూయించిన సీతమ్మ కథ వాళ్లను లేపింది. కళాజాతాల పాటలు ఊరూరా తిరిగాయి. ఉద్యమం కర్నూలు జిల్లా సహా సీమకు పాకింది. చాలాచోట్ల సారా వేలం పాటలు ఆగిపోయాయి. 1980లలో ‘వారుణివాహిని’ పేరుతో సారా ప్యాకెట్లు పంపింది ఎన్టీఆర్ ప్రభుత్వమే. 1994 ఎన్నికల్లో మద్యనిషేధానికి మాటిచ్చి గెలిచిందీ ఎన్టీఆరే. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమలైంది. ఒక ముఖ్యమంత్రి చేత దారి మార్పించిన బలం ఆ గొంతులది. 1997లో నిషేధం ఎత్తేశారు, అది వేరే బాధ.

నంద్యాల ఎంపీ ప్రధానిగా ఉండగానే 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు మహిళలకు. 1995 ఎన్నికలు ఆ లెక్కనే జరిగాయి. చాలాచోట్ల పెత్తనం భర్తలదే అయినా, రచ్చబండ దగ్గర ఆడమనిషికి కుర్చీ వేయక తప్పలేదు. నా దృష్టిలో పీవీ కాలపు సంస్కరణల్లో పల్లెను లోతుగా తాకింది ఇదే. 1997లో ‘ఒసేయ్ రాములమ్మా’ సినిమా అంతగా ఆడిందంటే, తిరగబడే ఆడదాని పాట వినడానికి జనం అప్పటికే సిద్ధమై ఉన్నారు.

1999 సంక్రాంతికి ‘సమరసింహారెడ్డి’ సినిమా వచ్చింది. అప్పటినుంచి తెరమీద సీమ అంటే బాంబులు, సుమోలే. ఫ్యాక్షన్ ఇక్కడ నిజమే, ఇళ్లు కూల్చిన నిజం. కానీ అదే ఊళ్లలో సారా కొట్టు ముందు కూర్చుని పాడిన ఆడవాళ్లూ అంతే నిజం. వాళ్లు తెరమీద అంతగా కనిపించలేదు.

ఆ పాటలు నోటికి వచ్చిన అక్కలు, అవ్వలు చాలామంది ఇప్పుడు అరవై దాటారు. మీ ఇంట్లో, మీ వీధిలో అలాంటివాళ్లుంటే ఈ వారమే కూర్చోబెట్టి పాడించండి, సెల్‌ఫోన్లో రికార్డు చేయండి. ఏ ఊరు, ఏ ఏడాది, పక్కన ఎవరున్నారో కూడా అడిగి రాసిపెట్టండి.