నాయనమ్మ రూపాయల పేరు

మా నాయనమ్మ మెడలోని రూపాయల పేరును గడీ దొరసాని ఆమె పెండ్లికి పెట్టిందని మా ఇంట్లో మూడు తరాలుగా చెప్పుకుంటున్నారు. సూర్యాపేట ప్రాంతంలోని మా ఊళ్లో ఆ గడీ కూలిపోయి చాలా కాలమైంది. దొరసాని దయ మాత్రం మా ఇంట్లో ఇంకా చెక్కుచెదరలేదు. పండుగనాడు పేరును పెట్టెలోంచి తీస్తే ముందు ఆమెను తలచుకుంటారు, తరువాతే నాయనమ్మను. ఈ కథలో నిజమెంతో తేల్చాలని నేను బయలుదేరలేదు. పేరు మేనత్త దగ్గర ఉంది. రేపో మాపో పిల్లలు పంచుకుంటే ముక్కలవుతుంది. ఆలోగా ఫొటోలు తీసి ఉంచుదామనుకున్నాను, అంతే.

తగాదా చింతపండు దగ్గర మొదలైంది. "గిట్ల మసిబట్టిన సొమ్మును ఫొటో తీస్తవార? జరాగు, తోమి తెస్త" అని మేనత్త లేచింది. వద్దని బతిమాలాను. తోమితే మెరుపు వస్తుంది. కాని అక్షరాల సందుల్లో నిలిచిన నలుపే మనకు అక్షరాన్ని చూపిస్తుంది. రంగుల ఫిల్ము వాడనిదీ అందుకే. రంగుల్లో చూస్తే కన్ను ముందు వెండి మీదికి, ఎర్రదారం మీదికి పోతుంది. నలుపు తెలుపుల్లో మిగిలేది ఎత్తుపల్లాలు, గీతలు, అరుగుదల. కిటికీ పక్కన బల్ల వేసి, వెలుతురు ఒక్క వైపు నుంచి, బాగా కిందుగా పడేలా చూసుకున్నాను. వెండి అద్దంలా కెమెరానే చూపించబోతే మధ్యలో పాత మల్లుపంచె అడ్డం కట్టాను. లెన్సు వెనక గొట్టపు రింగులు బిగించి ఒక్కొక్క నాణేన్నీ విడిగా తీశాను. ఫిల్ము మీద బొమ్మను నిలిపేదీ వెండి లవణాలే కనుక వెండిని వెండితో పట్టుకున్నానని సంబరపడ్డాను కూడా.

ఫిల్ము కడిగి, ప్రింట్లు వేసి, బల్ల మీద పరిచాక సంబరం తగ్గి సందేహం పుట్టింది.

పేరులో ఇరవై ఒక్క నాణేలున్నాయి. తొమ్మిది విక్టోరియా రూపాయలు. తొమ్మిదింటి మీదా ఎంప్రెస్ అనే ఉంది, అంటే 1877 తరువాతివి. ఆ ఏడాది జనవరి 1న ఢిల్లీ దర్బారులో ఆమెను చక్రవర్తినిగా ప్రకటించాకే నాణెం మీద క్వీన్ పోయి ఆ మాట వచ్చింది. ఈ తొమ్మిదింటికీ దారం దూరే చెవులు ఒకే తీరుగా ఉన్నాయి, ఒకే చేతి పని. వీపువైపు, అంటే ఒంటికి తగిలే వైపు, అన్నీ ఒకేలా అరిగాయి. ఇవి కలిసి వచ్చాయి, కలిసే ఉన్నాయి.

మిగతా పన్నెండు అలా లేవు. అయిదు ఎడ్వర్డు, జార్జి బొమ్మలున్న ఇంగ్లీషు రూపాయలు, ఏడు చార్మినారు ముద్ర ఉన్న హాలీ సిక్కాలు. హాలీ సిక్కా విలువ తక్కువ, నూరు ఇంగ్లీషు రూపాయలకు నూటపదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైలు ఇచ్చుకోవాల్సి వచ్చేది. చార్మినారు గుమ్మంలో ఒక అరబ్బీ అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలంలో మీమ్, 1911లో ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక ఐన్. వట్టి కంటికి అది చీమ తలంత. ప్రింటులో మాత్రం ఏడింటి గుమ్మాల్లోనూ ఐన్ స్పష్టంగా నిలబడింది. ఒక దాని మీద హిజ్రీ 1362 ఉంది, అంటే 1943. ఇంకొకటి ఆరవ జార్జి రూపాయి, అంచు మధ్య గాడి ఉంది. 1940లో రూపాయిలో వెండిని పన్నెండింట పదకొండు పాళ్ల నుంచి సగానికి దించినప్పుడు, దొంగ నాణేలను అడ్డుకోవడానికి ఆ గాడి పెట్టారు. వీటి చెవులు పన్నెండూ పన్నెండు రకాలు. ఒకదాని టంకం గడ్డకట్టి ఉంది, ఒకదాని చెవి మరీ పెద్దది.

నాణెం మీది తేదీ ఒక్కటే చూసి చరిత్ర రాయకూడదు. 1901 నాటి రూపాయి 1930లోనూ చేతికి రావచ్చు. తేదీ చెప్పేది ఒక్కటే, అంతకు ముందు మాత్రం అది ఆ మెడలో లేదని. అయితే మా పెద్ద పెదనాన్న 1932లో పుట్టాడు. 1943 నాటి రూపాయిని దొరసాని ఏ పెండ్లికి పెట్టినట్టు?

అంటే దొరసాని దయ తొమ్మిది రూపాయలు. మిగతా పన్నెండూ ఒక్కొక్కటిగా, ఏళ్ల తరబడి చేరినవి. తొమ్మిదింటిని కూడా దయ అని ఒప్పుకోవడానికి నాకు మనసు రాదు. నాయనమ్మ పెండ్లికి ముందు గడీలో ఆడబాపగా చేసింది. అన్నం తప్ప జీతమెరుగని ఆ ఏళ్లతో తొమ్మిదిని భాగిస్తే ఏడాదికెంత పడుతుందో లెక్క కట్టడం కష్టం కాదు. వెట్టికి, నాగు వడ్డీకి ఎదురు తిరిగి 1946 నుంచి 1951 దాకా పోరాడిన పల్లెల్లో మాదీ ఒకటి. గడీ మీద తిరగబడిన ఇంట్లోనే దొరసాని కానుక కథ ఇంత భద్రంగా ఎలా బతికింది? భూమి చేతులు మారినంత తేలికగా జ్ఞాపకం చేతులు మారదు. మన కథల్లోనూ ఇదే జరుగుతోంది. తాతమ్మ నగ కనబడగానే రచయిత కన్నీళ్లు పెడతాడు, దాన్ని ఎవరు, ఏ పైసలతో, ఏ అవుసలాయన దగ్గర చేయించారని అడగడు.

ప్రింట్లు తీసుకెళ్లి మేనత్తకు చూపించాను. చాలాసేపు చూసింది. చెవి పెద్దగా ఉన్న రూపాయి మీద వేలు పెట్టి, "గిది నల్లమేక పిల్లలది" అన్నది. మేకపిల్లలను అమ్మినప్పుడల్లా నాయనమ్మ ఒక రూపాయి పక్కకు పెట్టి అవుసలాయన ఇంటికి పోయేదట. చిన్నతనంలో తానూ వెంట పోయిందట. మరి ఇన్నాళ్లూ దొరసాని పెట్టిందని ఎందుకు చెప్పావంటే, "అమ్మనే గట్ల చెప్పేది. మేకలమ్మి చేయించుకున్ననంటే మీ తాత ఊకుంటడా?" అన్నది.

ఈ జవాబు నా ఫొటోల్లో లేదు. గడీని ఒక్కదాన్నే చూస్తూ కూర్చున్న నాకు తట్టలేదు కూడా.

పేరు చివర నాణెం ఊడదీసిన చెవులు మూడున్నాయి. ఆ మూడు రూపాయలు ఎటు పోయాయంటే మేనత్త మాట మార్చింది. వాటి ఫొటో కూడా సరిగా రాలేదు, వెలుతురు ఎక్కువై నెగెటివు మాడిపోయింది. దసరాకు పోయి మళ్లీ తీయాలి.