పడమటి నెల్లూరు సీమ యిండ్లలో క్రిస్మసు పండుగ

నెల్లూరు సీమకు పడమట, పెన్నానది వెలిగొండలను చీల్చుకొని మైదానమునకు దిగుచోట సోమశిల యున్నది. ఈ ప్రాంతపు చరిత్ర యనగానే ఉదయగిరి దుర్గమును, 1514లో దానిని జయించిన శ్రీకృష్ణదేవరాయలును స్మరణకు వచ్చుట సహజము. అయితే చరిత్ర కోటలలోనే కాక కుటీరములలోను నడచును. డిసెంబరు మాసమున ఊరిచివరి యిండ్లపై వ్రేలాడు కాగితపు నక్షత్రమునకును ఒక చరిత్ర కలదు.

అమెరికా బాప్టిస్టు మిషనుకు చెందిన శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరెను. ఫలము స్వల్పమగుటచే ఆ మిషనును మూసివేయవలెనను చర్చ అమెరికాలో పలుమారు జరిగెను. ఆ సందిగ్ధకాలముననే, 1854 జనవరి 1వ తేదీ వేకువను, లైమన్ జూయెట్ దంపతులును, నెల్లూరు జూలియాతో కూడ కొందరు తెలుగు క్రైస్తవులును ఒంగోలు కొండపై మోకరించి ప్రార్థించిరి. 1866లో జాన్ క్లౌ ఒంగోలున స్థిరపడెను. 1876–78 నాటి ఘోరక్షామమున ఆయన బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు పుచ్చుకొని బీదలకు కూలి కల్పించెను. అన్నమునకై మతము మారిరను మాట రాకుండ, ఆ కాలమున బాప్తిస్మములు నిలిపివేసెను. పిమ్మట 1878 జులై 3న గుండ్లకమ్మ తీరమున ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ శతాబ్దము ముగియులోపల ఉదయగిరి, ఆత్మకూరులందును మిషను కేంద్రములు వెలసెను.

ఇచ్చట నొక విశేషము గమనింపదగినది. ఆ మిషనుకు బోస్టను నగరము ప్రధాన కేంద్రముగ నుండెను. ఆ నగరమున్న మసాచుసెట్సు సీమలో 1659లో క్రిస్మసు జరుపుకొనువారికి ఐదు షిల్లింగుల జరిమానా విధించుచు శాసనము చేసిరి. 1681లో దానిని రద్దుచేసిరి. అచ్చట ఆ దినము సెలవుదినమైనది 1856లోనే. అట్టి చోటినుండి వచ్చినవారు వాక్యమును తెచ్చిరి గాని పండుగను పెద్దగా తేలేదు. దానికి రూపమిచ్చినది తెలుగు ఇల్లాలే యనుట తప్పుకాదు. గోడలకు సున్నము, వాకిట ముగ్గు, పొయ్యిమీద అరిసెలు, కజ్జికాయలు, పిల్లలకు క్రొత్తబట్టలు – ఇవన్నియు ఆమె యెరిగిన పండుగ లక్షణములే. వెదురుబద్దలకు రంగుకాగితము అంటించి లోపల దీపముంచిన నక్షత్రము మాత్రము క్రొత్తది. రాత్రివేళ తాళములతో, డోలకుతో ఇంటింటికి తిరిగి పాడు క్రిస్మసు పాటలును మన భజన సంప్రదాయమునకు దగ్గరివే.

ఆ పాటలకును స్వదేశీయమైన మూలము కలదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) క్రీస్తు భక్తిని తెలుగు కీర్తనల రూపమున పాడించెను. అంతకు పూర్వమే 18వ శతాబ్దమున మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనము’ను పద్యకావ్యముగ రచించెను. గుఱ్ఱం జాషువ ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. కావున ఈ భక్తి మన వాఙ్మయమునకు పరాయిది కాదు.

దేవాలయమును పాదిరియు దూరమైన పల్లెలలో ఇల్లే గుడి యయ్యెను. సందెవేళ దీపము ముందు అక్షరములు వచ్చిన బిడ్డ వాక్యము చదువగా, చదువురాని అవ్వయు తాతయు వినుచుండెడివారు. అన్నము వండునపుడెల్ల గృహిణి పిడికెడు బియ్యము వేరుగా దీసి దేవుని పనికి కూడబెట్టెడిది. తనకే చాలని యింట తీసిన ఆ పిడికెడు బియ్యమును అల్పమని యెవరనగలరు?

ఈ విశ్వాసమునకు వారు మూల్యము చెల్లించిరి. తోలుపని చేసి జీవించు మాదిగ కుటుంబములే వారిలో అధికము. ఆదివారము పని చేయమనియు, గ్రామదేవత జాతరలలో డప్పు కొట్టమనియు వారు చెప్పినపుడు, కరణములు, మునసబులు మొదలగు గ్రామాధికారులు వారికి పనులు మాన్పించి, అంగళ్లలో సరకులు దొరకనీయకుండ చేసిన సందర్భములు కలవు. గ్రామచరిత్ర వ్రాయువారు దీనిని దాచరాదు.

ఆ మూల్యము మరియొక రూపమున నేటికిని ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది వర్తించెను; క్రైస్తవులకు వర్తింపలేదు. షెడ్యూల్డు కులముల నుండి క్రైస్తవులైనవారు ఆంధ్ర రాష్ట్రమున వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గమున చేరిరి. అందువలన ఇంట నక్షత్రము వెలిగించు కుటుంబము కాగితముపై వేరొక మతమును వ్రాయించుకొనుట కలదు. బిడ్డ చదువునకును ఇంటి ప్రార్థనకును నడుమ నిలిచిన తండ్రి సంకటమును దూరమునుండి నిందించుట సులభము; అనుభవించుట కష్టము. దస్త్రమునందలి వ్రాత ఒక్కటే మనుష్యుని చరిత్ర కాదని చరిత్రకారుడు మరువరాదు.

ఆ కుటుంబముల పాతబైబిళ్ల మొదటి పుటలలో జననమరణములు, వివాహములు వ్రాయబడియుండును. పాటల పుస్తకములు చెదలపాలగుచున్నవి. ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయము, ఆ యిండ్లవారి యనుమతితో, వానికి నకళ్లు వ్రాయించి భద్రపరచిన యెడల మేలగును. ఊరి చరిత్ర సంపూర్ణము కావలెనన్న ఊరిలోని ప్రతి వీధియు అందు చేరవలెను.